పాత బెంజి ముక్కు ఫైరింజను మోడల్ సొంతంగా కట్టాలి, డ్రాయింగులు లేవు, కొలతలు ఎలా?

పాతపోస్టాఫీసు కుర్రోడు

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ కిట్లే కట్టాను, అంటే డబ్బాలో వచ్చిన ముక్కలు అతికించి రంగు వేయడమే. ఎక్కువగా ఓడలు, వైజాగ్‌లో పెరిగినోడికి ముందు కనపడేవి అవే కదా. ఇప్పుడు కిట్ లేని దాని మీద మనసు పడింది. టాటా మెర్సిడెస్ బెంజ్ 1210 ఛాసిస్ మీద కట్టిన పాత ఫైరింజను, ముందుకు పొడుచుకొచ్చిన ముక్కు, గుండ్రటి మడ్‌గార్డులు, క్యాబిన్ పక్కన ఇత్తడి గంట, పైన నిచ్చెన.

మా మావయ్య ఫైర్ సర్వీసులో చేసి రిటైరయ్యారు, ఆయన దగ్గర ఆ బండి ఫోటోలు కొన్ని ఉన్నాయి. ఒకటి దాదాపు సరిగ్గా పక్క నుంచి తీసింది. మిగతా వాటిలో సిబ్బంది వరసగా నిలబడి ఉంటే వెనకాల బండి సగం సగం కనిపిస్తుంది. బండి ఎప్పుడో వేలంలో తుక్కు కింద పోయింది, వెళ్ళి కొలుద్దామంటే లేదు. నెట్‌లో వెతికితే జర్మనీ బెంజి లారీల డ్రాయింగులు దొరికాయి గాని క్యాబిన్ అసలు పోలిక లేదు.

నా దగ్గర కట్టర్, స్టీల్ స్కేలు, చిన్న హ్యాండ్ డ్రిల్, ఆకురాళ్ళు, చవకరకం ఎయిర్‌బ్రష్ ఉన్నాయి. త్రీడీ ప్రింటర్ లేదు, కొనే ఉద్దేశం లేదు. అద్దెల్లు, పని చేసుకోవడానికి బాల్కనీ ఒక్కటే దిక్కు. ఏ స్కేలు పెట్టుకోవాలి, దేంతో కట్టాలి, ఆ గుండ్రటి మడ్‌గార్డులు ఎలా వంచాలి, టైర్లు ఎక్కడి నుంచి తేవాలి? ఒక్కోటి తలుచుకుంటే టెన్షన్ వస్తోంది. ఇంతకు ముందు లారీలు, బస్సులు సొంతంగా కట్టినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

స్కేలుబద్ద

డ్రాయింగుల కోసం వెతకడం ముందు ఆపేయండి, అవి దొరికినా మీకు సగమే పనికొస్తాయి. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ నుంచి వచ్చేది ఛాసిస్, ఇంజను, బానెట్, ముందు మడ్‌గార్డులు, కౌల్ (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య, అద్దం కింద ఉండే రేకు) వరకే. అద్దం నుంచి వెనకదంతా బాడీ బిల్డర్ చేతిపని. అందుకే ఒకే ఛాసిస్ మీద ఒకచోట కట్టిన ఫైరింజనుకీ ఇంకోచోట కట్టినదానికీ క్యాబిన్ ఎత్తు, తలుపుల కొలత, లాకర్ల వరస ఏవీ కలవవు. మీరు చేసేది మావయ్య నడిపిన ఆ ఒక్క బండి, దానికి ఆధారం ఆ పక్క ఫోటోనే.

ఫోటోలో మీకు దొరికే స్కేలుబద్ద టైరు. ఫోటోని బాగా ఎక్కువ రిజల్యూషన్‌లో స్కాన్ చేయించి టైరు గోడ మీద అచ్చు కనిపిస్తుందేమో చూడండి, లేకపోతే మావయ్యని అడగండి, టైరు సైజు మర్చిపోయిన డ్రైవర్‌ని నేనింతవరకు చూళ్ళేదు. ఆ తరగతి లారీలకి 9.00-20 సైజు చాలా మామూలు. ఆ టైరు మొత్తం వ్యాసం సుమారు 1018 మి.మీ. ఉంటుంది. 8.25-20 అయితే ఇంకాస్త చిన్నది, లెక్కంతా మారిపోతుంది, కాబట్టి ఊహించి మొదలుపెట్టొద్దు. ఇంకో మాట, టైరుని ఫోటోలో అడ్డంగా కొలవాలి, నిలువుగా కాదు. బరువుకి కింద భాగం నలిగి ఉంటుంది, పై భాగం మడ్‌గార్డు చాటున ఉంటుంది.

ఉదాహరణకి ప్రింటులో టైరు అడ్డంగా 14 మి.మీ. వచ్చిందనుకోండి. 1018ని 14తో భాగిస్తే ప్రింటులో ఒక్కో మి.మీ.కి అసలు బండి మీద సుమారు 72.7 మి.మీ. అన్నమాట. ముందు ఇరుసు మధ్య నుంచి వెనక ఇరుసు మధ్యకి ప్రింటులో 58 ఉంటే అసలు వీల్‌బేస్ 4.2 మీటర్ల చిల్లర. అలా తలుపు, లాకరు, అద్దం అన్నీ కొలుచుకుంటూ పోవచ్చు. కాకపోతే టైరు కెమెరాకి దగ్గరగా ఉంటుంది, బానెట్ మధ్యగీత ఇంకో మీటరు లోపల ఉంటుంది, అది కాస్త చిన్నగా పడుతుంది. ఫోటోగ్రాఫర్ దగ్గర నుంచి తీస్తే ఈ తేడా ఎక్కువ, దూరం నుంచి తీస్తే తక్కువ. ముందు చక్రం, వెనక చక్రం రెండూ కొలిచి చూడండి. రెండూ ఒకే సైజు వస్తే ఫోటో నిజంగానే పక్క నుంచి తీసినట్టు, లేకపోతే బండి కాస్త వాలుగా ఉన్నట్టు.

స్కేలు 1:16, అంటే అసలు బండిలో పదహారో వంతు, పెట్టుకోమంటాను. బాడీ షెడ్డుల్లో అప్పట్లో పనంతా అడుగులు, అంగుళాల్లోనే సాగేది, మీటర్లు చట్టంలోకి వచ్చినా మేస్త్రీల నోట్లోకి రావడానికి చాలా కాలం పట్టింది. 1:16లో అడుగు అంటే ముప్పావు అంగుళం, 19 మి.మీ. నిచ్చెన మెట్టుకీ మెట్టుకీ మధ్య అడుగు ఉంటే మీ మోడల్‌లో 19 మి.మీ., అంతే, క్యాలిక్యులేటర్ అక్కర్లేదు. ఏడు మీటర్ల బండి అనుకుంటే మోడల్ 44 సెం.మీ. దాకా వస్తుంది, అల్మరాలో పడుతుంది. 1:24 అయితే 29 సెం.మీ., చూడ్డానికి ముద్దుగా ఉంటుంది గాని హోస్ గొట్టాల్ని కలిపే 63 మి.మీ. కప్లింగు అందులో రెండున్నర మి.మీ.కి పడిపోతుంది, చేత్తో చేసేవాడికి నరకం.

చివరిగా, ఒక్క ముక్క కూడా కోయకముందు పక్క, ముందు, వెనక, పై నుంచి నాలుగు చూపుల్నీ గ్రాఫ్ పేపరు మీద మోడల్ సైజులోనే గీయండి. అద్దం వాలు, బానెట్ వాలు ఈ కాగితం మీదే తేలాలి. నాకైతే ఈ గీత పనే అన్నిటికంటే ఇష్టం, చాలామందికి విసుగు.

టింకరింగ్ షెడ్

అన్న చెప్పింది కరెక్టు, అద్దం వెనకదంతా చేతిపనే అన్న మాట పట్టుకో తమ్ముడూ. చేతిపని అంటే అర్థం ఏంటంటే అక్కడ ఉన్నవన్నీ సాపు రేకులు, ఒక వైపు వంపులు, అంచులకి బీడింగు. అది నువ్వు షీటు కోసి పెట్టె కట్టినట్టు కట్టేస్తావు. ఫ్యాక్టరీ ప్రెస్సులో కొట్టిన ముక్కు, మడ్‌గార్డులే అసలు పని. రెండు వైపులా వంపు తిరిగిన రేకు అదొక్కటే. నీ ఓపికలో ముప్పావు వంతు అక్కడికే దాచుకో. ఫైరింజను ఎవరు చూసినా ముందు మొహమే చూస్తారు.

షీటు సంగతి. హిప్స్ అని అడుగు, అది స్టైరిన్ ప్లాస్టిక్‌లో ఒక రకం, ఫ్లెక్సీలు, నేమ్ బోర్డులు చేసే వాళ్ళకి తెలుస్తుంది, ప్యాకింగ్ ట్రేలు చేసే వాళ్ళ దగ్గరా ఉంటుంది. అర మి.మీ., ఒకటి, ఒకటిన్నర, రెండు తీసుకుంటే బండంతా వచ్చేస్తుంది. విదేశీ స్టైరిన్ ప్యాకెట్టు ఒక్కదాని ధరకి పెద్ద షీటు వస్తుంది. సన్‌బోర్డు జోలికి పోకు, అది లోపల నురగ. కోసిన అంచు బుడగలు బుడగలుగా ఉంటుంది, ఎంత పుట్టీ రాసినా రంగు పడ్డాక బయటపడుతుంది, వేలు నొక్కితే గుంట. బాడీ లోపల దన్నుకి మాత్రం వాడుకో, తప్పులేదు.

అతికించడానికి అక్రిలిక్ పనివాళ్ళు వాడే పల్చటి సాల్వెంట్ ఉంటుంది, రెండు ముక్కలు పట్టుకుని జాయింటులో బ్రష్షుతో ఒక్క బొట్టు వదిలితే అదే లోపలికి పాకిపోతుంది, ప్లాస్టిక్ కరిగి ఒకటైపోతుంది. ఆ ఆవిరి మంచిది కాదు, బాల్కనీలోనే చెయ్యి, ఇంట్లో ఏసీ గదిలో తలుపులు మూసుకుని మాత్రం వద్దు. ఫెవిక్విక్ ఇత్తడికీ ప్లాస్టిక్‌కీ కలపడానికి పెట్టుకో, అయితే అద్దాల దగ్గరికి రానివ్వకు, దాని ఆవిరికి పారదర్శకం షీటు మీద తెల్లటి పొగ పట్టేస్తుంది. అద్దాలకి మామూలు తెల్ల ఫెవికాల్ చాలు.

మడ్‌గార్డు చేసే పద్ధతి రాస్తున్నా, జాగ్రత్తగా చదువు. కర్రతో మడ్‌గార్డు ఆకారం చెక్కు, షీటు మందం అంత చిన్నగా, ఎందుకంటే షీటు పైన కూర్చుంటుంది. దాన్ని ఒక దిమ్మె మీద మేకుతో నిలబెట్టు. ఇంకో ప్లైవుడ్ ముక్కలో అదే ఆకారానికి చుట్టూ ఒకటిన్నర మి.మీ. వదులు ఉండేలా కన్నం కొయ్యి. ఆ ప్లైవుడ్ మీద ఒక మి.మీ. హిప్స్ షీటు పరిచి చుట్టూ పిన్నులు కొట్టు. హీట్ గన్ గాని, ఓవెన్ ఉంటే ఓవెన్ గాని, షీటు మధ్యలో మెత్తబడి కిందికి వేలాడే దాకా వేడి చేసి, చేతులకి గ్లవుజులు వేసుకుని ఒక్క ఊపులో కర్ర అచ్చు మీదికి దించెయ్. లెక్కపెట్టుకుంటూ నెమ్మదిగా దించితే ముడతలు పడతాయి. చల్లారాక చుట్టూ కోసేస్తే మడ్‌గార్డు రెడీ. మొదట దించినవి పోతాయి, షీటు చవకే కదా, దించుతూ పో. ఎడమది, కుడిది అద్దంలో బొమ్మల్లా ఉండాలి కాబట్టి రెండు అచ్చులు చెక్కాలి, ఒకటే చెక్కి తిప్పేద్దామనుకుంటే కుదరదు.

బానెట్ మాత్రం అలా దించకు. మధ్యగీతకి అటూ ఇటూ రెండు రెక్కలుగా తెరుచుకునే రకం అయితే అడ్డంగా నాలుగైదు చోట్ల బద్దలు నిలబెట్టి, వాటి మీద అర మి.మీ. షీటుని చెయ్యి వెచ్చదనంతో వంచి రెండు పొరలుగా అతికించు. ముందు అంచు, గ్రిల్లు చుట్టూ ఉండే గుండ్రం ఒక్కటీ కారు బాడీకి వాడే పుట్టీతో కట్టి ఆకురాయితో తియ్యి. పక్కల గాలి గాట్లు ఉంటే బానెట్ అతికించకముందే వెయ్యి, తర్వాత చెయ్యి దూరదు.

ముక్కు మీద గుర్తు చూసుకో. టాటా వాళ్ళకీ డైమ్లర్ బెంజ్‌కీ 1954లో మొదలైన ఒప్పందం 1969తో అయిపోయింది. అప్పటిదాకా బండికి మూడు కోణాల నక్షత్రం, ఆ తర్వాత టాటా గుర్తు. నీ ఫోటోలో ఏది ఉంటే దాన్ని బట్టి బండి వయసు కూడా తెలుస్తుంది. మన జనం మాత్రం రెండింటినీ బెంజి లారీ అనే పిలిచారు.

పిక్సెల్ బాబు

2026లో కూడా కర్ర చెక్కి ప్లాస్టిక్ కాల్చమంటున్నారా? ముక్కు, మడ్‌గార్డులు కంప్యూటర్‌లో గీసి ప్రింట్ ఇప్పించేయండి, ఇప్పుడు ప్రింటింగ్ సర్వీసులు అన్ని ఊళ్ళలో ఉన్నాయి. రెజిన్ ప్రింట్ అయితే గాట్లతో సహా వచ్చేస్తుంది.

టింకరింగ్ షెడ్

బాబూ, గీయాలంటే కొలత కావాలి, ఆ కొలత కోసమే కదా ఇక్కడ కొట్టుకుంటున్నది. సగం కనిపించే ఫోటోల్లోంచి రెండు వైపులా తిరిగిన వంపుని మౌసుతో పట్టుకోవడం కంటే కర్రని చేత్తో తిప్పి తిప్పి ఫోటో పక్కన పెట్టి చూసుకుంటూ చెక్కడమే తొందరగా తెమిలిపోతుంది, నా వరకు. నీకు సాఫ్ట్‌వేర్ చెయ్యి తిరిగి ఉంటే నీ దారి నీది, కాదనను. హెడ్‌లైటు రిమ్ములు, పంపు ప్యానెల్ మీద గేజీలు లాంటి చిన్నవి మాత్రం ప్రింట్ ఇప్పించుకోవచ్చు.

డీవో రిటైర్డ్

బాబూ, నేను మోడల్స్ చేయను, మా మనవడు చదివి వినిపిస్తే రాయాలనిపించింది. డ్రైవర్ ఆపరేటర్‌గా చేశాను, ముక్కు బెంజి మీద కూడా చేశాను. మీవాళ్ళు బండి గురించి బాగా చెప్పారు గాని ఫైరింజను అంటే లారీ కాదు, దాని మీద ఉన్న సామాను. సామాను సరిగ్గా లేకపోతే ఎర్ర రంగు వేసిన నీళ్ళ ట్యాంకరు అవుతుంది.

బండ్లు మారాయి గాని కప్లింగులు మారలేదు. మంట మీదికి నీళ్ళు పంపే డెలివరీ హోస్ ఇప్పటికీ 63 మి.మీ., కప్లింగు నొక్కితే టక్కున పడే రకమే. అందుకని పాత బండి లేదని దిగులు పడకుండా ఇప్పుడున్న ఏ ఫైర్ స్టేషన్‌కైనా వెళ్ళి కప్లింగు, బ్రాంచి పైపు (హోస్ చివర నీళ్ళు చిమ్మే గొట్టం), సక్షన్ హోస్ (చెరువులోంచి పంపుకి నీళ్ళు తెచ్చే గొట్టం), స్ట్రెయినరు (దాని మూతికి ఉండే జల్లెడ), నిచ్చెన కొక్కేలు కొలుచుకో. ఊరికే వెళ్తే పనుల్లో ఉంటారు. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి, 1944 ఏప్రిల్ 14న బొంబాయి రేవులో ఫోర్ట్ స్టికీన్ అనే ఓడ పేలి 66 మంది ఫైర్ సిబ్బంది పోయారు, వాళ్ళ జ్ఞాపకార్థం. ఆ వారంలో సామాను బయట పరిచి జనానికి చూపిస్తారు, స్టేషన్ ఆఫీసర్ గారికి ముందే ఒక కాగితం రాసి ఇస్తే దగ్గరుండి చూపిస్తారు. రేవు లోపల, నేవీ వైపు మాత్రం పర్మిషన్ లేకుండా ఫోన్ తీసి ఫోటోలు కొట్టకు, మన ఊళ్ళో పుట్టినవాడివి, నీకు చెప్పక్కర్లేదనుకో.

సక్షన్ హోస్ నల్లగా, లావుగా, చుట్టూ గాట్లు గాట్లుగా ఉంటుంది, 100 మి.మీ., ఒక్కో ముక్క రెండున్నర మీటర్లు. అది మడత పడదు, గట్టి గొట్టం, లోపల తీగ చుట్ట ఉంటుంది. లేకపోతే పంపు లాగినప్పుడు బయటి గాలి ఒత్తిడికి నలిగిపోతుంది. పంపు నీళ్ళని నిజంగా లాగదు, గొట్టంలో గాలి తీసేస్తే బయటి గాలే నీటిని పైకి తోస్తుంది. లెక్క ప్రకారం పది మీటర్ల చిల్లర రావాలి, నిజం పనిలో ఏడెనిమిదికి మించి వచ్చేది కాదు. చెరువు గట్టు ఎత్తుగా ఉంటే బండిని నీటి అంచుకి దింపాల్సి వచ్చేది, అందుకే ఆ ముక్కలు చటుక్కున దించేలా పక్కనో పైనో బయటే పెట్టేవాళ్ళు, లాకర్లో కాదు. నీ ఫోటోలో ఎక్కడున్నాయో అక్కడే పెట్టు.

డెలివరీ హోస్ ఆ రోజుల్లో కాన్వాసు రకం కూడా ఉండేది. నీళ్ళు వదలగానే ఒళ్ళంతా చెమర్చేది, తడిస్తే నార ఉబ్బి కారడం తగ్గేది. వాడిన తర్వాత ఆరబెట్టకపోతే కుళ్ళు వాసన. రంగు తెలుపు కాదు, మట్టి కలిసిన గోధుమ. ఇంకా లాకర్లలో హైడ్రెంటు (వీధి నీళ్ళ లైను కుళాయి) మీద బిగించే స్టాండ్ పైపు, తాళం చెవి లాంటి స్పానర్లు, సీలింగ్ హుక్కు, గొడ్డలి, తాళ్ళు, ఇసక బకెట్లు. లాకరు తలుపు ఒకటైనా తెరిచి చూపించు, మా కంటికి అదే అందం.

గంట క్యాబిన్ ఎడమ పక్క, ఆఫీసర్ కూర్చునే వైపు. డ్రైవర్ చేతులు ఖాళీ ఉండవు కదా.

స్కేలుబద్ద

నమస్కారమండీ, ఇలాంటి మాట కోసమే ఈ ఫోరానికి వస్తాం. కుర్రోడా, ఆయన చెప్పిన అంకెలు స్కేలులో పెట్టి చూశాను. 63 మి.మీ. హోస్ నీళ్ళు లేనప్పుడు బల్లపరుపుగా పడుకుంటే వెడల్పు చుట్టుకొలతలో సగం, అంటే దాదాపు 99 మి.మీ. 1:16లో 6.2. పావు అంగుళం నాడా 6.35, అచ్చంగా సరిపోయింది. పూర్ణా మార్కెట్‌లో కుట్టుసామాను కొట్లో నూలు నాడా అడుగు, నైలాన్‌ది మెరుస్తుంది, వద్దు. పదిహేను మీటర్ల హోస్ అంటే 94 సెం.మీ. ముక్క. టీ డికాక్షన్‌లో నానబెట్టి ఆరేస్తే ఆయన చెప్పిన రంగే వస్తుంది.

సక్షన్ హోస్‌కి ఆరు మి.మీ. లోపు గొట్టం ఏదైనా తీసుకుని, దాని చుట్టూ మోటారు వైండింగ్ షాపులో దొరికే రాగి తీగ సమానమైన ఎడంతో చుట్టి, పైన నల్ల హీట్ ష్రింక్ స్లీవ్ తొడిగి వేడి చూపించు. స్లీవ్ ముడుచుకుని తీగ మీద గాట్లు తేలతాయి. రెండున్నర మీటర్లు అంటే 156 మి.మీ.

అంకుడుకర్ర

చక్రాల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? మాది ఏటికొప్పాక దగ్గర. లక్కబొమ్మల ఊరు, 2017లో జీఐ (భౌగోళిక గుర్తింపు) కూడా వచ్చింది. మా వైపు తరిణె (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టే వాళ్ళకి గుండ్రంగా ఉండే ఏ వస్తువైనా నిమిషాల పని. అంకుడు కర్ర మెత్తగా, నున్నగా ఉంటుంది, పోగులు లేవవు, సన్నటి అంచు కూడా నిలుస్తుంది. ఏడు టైర్లు కావాలి కదా మీకు, ముందు రెండు, వెనక జంటలు కలిపి నాలుగు, స్టెప్నీ ఒకటి. 63 మి.మీ.కి కొంచెం ఎక్కువ వ్యాసం, గోడ ఆకారం, రిమ్ము కూర్చునే గుంట అన్నీ అడ్డుకోత డ్రాయింగు గీసి ఇస్తే తిప్పి ఇస్తారు. మాటలతో చెప్పకండి, డ్రాయింగు ఇవ్వండి, లేదా అట్టముక్క మీద ఆకారం కోసి ఇవ్వండి, తరిణె మీద పెట్టి సరిచూసుకుంటారు.

నా సలహా మాత్రం ఏడూ తిప్పించకుండా ఒక్కటే తిప్పించి, దాని మీద మీరే టైరు గాట్లు సన్న ఆకురాయితో వేసుకుని, సీలర్ (కర్ర రంధ్రాలు మూసే పూత) కొట్టి, ఆర్‌టీవీ సిలికాన్ (పోశాక రబ్బరులా గట్టిపడేది) తో అచ్చు తీసి మిగతావి రెజిన్‌లో పోసుకోవడం. గాట్లు వేయడం ఒక టైరుకే చాలు, ఏడింటికీ అంటే పిచ్చెక్కుతుంది. రెజిన్‌లో నల్ల పొడి కలిపితే గీతలు పడినా తెల్లగా కనపడవు. వెనక జంటల్లో లోపలి టైర్లు ఎవరికీ కనపడవు, వాటికి గాట్లు లేకపోయినా పర్వాలేదు. కర్రే నేరుగా పెట్టదలిస్తే సీలర్ అన్ని వైపులా పట్టించండి, వైజాగ్ తేమకి కర్ర ఉబ్బి రిమ్ము బిగుసుకుపోతుంది. రిమ్ము నట్లు లెక్కపెట్టే పెట్టండి, ఫోటోలో ఎన్నుంటే అన్ని.

రిమోట్ కార్ల వాళ్ళు వాడే 1:14 లారీ టైర్లు కొనమని ఎవరైనా అంటే అవి సుమారు 83 మి.మీ. ఉంటాయి, మీ స్కేలుకి చాలా పెద్దవి. 1:12లో కడితే మాత్రం దాదాపు సరిపోతాయి.

పాతపోస్టాఫీసు కుర్రోడు

అందరికీ చాలా థాంక్స్. డీవో గారూ, మీ పోస్టు మావయ్యకి చదివి వినిపించా, సక్షన్ హోస్ మాట రాగానే ఆయన లేచి కూర్చుని గంటసేపు చెప్పారు. టైరు 9.00-20 అని తడుముకోకుండా చెప్పేశారు. స్కేలుబద్ద అన్నా, ముందు వెనక చక్రాలు కొలిచాను, తేడా వెంట్రుకవాసి. అంటే ఫోటో వాడుకోవచ్చన్నట్టే కదా? 1:16 ఖాయం చేశాను. అంకుడుకర్ర మేడం, డ్రాయింగు గీసుకుని మీ ఊరు వస్తాను, ఎవరిని కలవాలో మెసేజ్ పెట్టండి.

ఇక మిగిలింది రంగు. నా ఎయిర్‌బ్రష్‌తో ఓడల మీద బూడిద రంగు మ్యాట్ కొట్టడమే అలవాటు. మెరిసే ఎరుపు ఎప్పుడూ వేయలేదు. అక్షరాలు ఎలా రాయాలి?

ఉక్కపోత

రంగు నా సబ్జెక్టు. ముందు షేడ్ తేల్చుకో. ఐఎస్ 5 అని మన దేశపు ప్రమాణం ప్రకారం రంగుల షేడ్ కార్డు ఉంటుంది, అందులో 536 ఫైర్ రెడ్, 537 సిగ్నల్ రెడ్, 538 పోస్టాఫీస్ రెడ్. పెద్ద పెయింటు షాపులో ఆ నంబరు చెప్తే అర్థమవుతుంది. నేనైతే 536లో తెలుపు కాదు గాని కాస్త నారింజ చుక్క కలుపుతా. చిన్న వస్తువు మీద అసలు రంగు ఎప్పుడూ ముదురుగా కనిపిస్తుంది, తెలుపు కలిపితే గులాబీ అవుతుంది.

ఎరుపు కింద ఏముందో అది పైకి కనిపిస్తుంది, అది గుర్తుపెట్టుకో. బూడిద ప్రైమర్ మీద నేరుగా కొడితే ఎన్ని కోట్లు వేసినా ఇటుక రంగే. బూడిద ప్రైమర్ తప్పులు పట్టుకోవడానికి వెయ్యి, గీతలన్నీ సరిచేశాక దాని మీద పల్చగా తెలుపు గాని లేత గులాబీ గాని కొట్టి, అప్పుడు ఎరుపు. కార్లకి వాడే ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ హిప్స్‌ని తినేస్తుంది. ముందు ముక్క మీద కొట్టి చూసుకో, కొట్టాల్సి వస్తే మంచు పడ్డట్టు దూరం నుంచి పొడిపొడిగా, తడిగా అస్సలు కాదు.

మన ఊరి గాలి గురించి చెప్పాలి. థిన్నర్ ఎగిరిపోయేటప్పుడు రంగు పొర చల్లబడుతుంది, గాలిలో తేమ దాని మీద పట్టి తెల్లటి మబ్బు వస్తుంది. విశాఖలో ఏడాదిలో సగం ఇదే గొడవ. వానాకాలంలో మెరుపు రంగు పెట్టుకోకు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి మధ్య, ఎండెక్కాక, మధ్యాహ్నం సముద్రం గాలి తిరగక ముందు కొట్టెయ్యాలి. నీది వన్‌టౌన్ వైపు అయితే నల్ల దుమ్ము కూడా ఉంటుంది, బాల్కనీలో కొట్టి ఆరే దాకా పెద్ద ప్లాస్టిక్ డబ్బా బోర్లించు, పక్కన నేల తడిపితే దుమ్ము లేవదు గాని తేమ పెరుగుతుంది, తడపకు. చివరి క్లియర్ కోటు టూకే (గట్టిపరిచే మందు కలిపి కొట్టే) రకం కావాలంటే అది ఇంట్లో కొట్టేది కాదు, దాని గట్టిపరిచే మందు ఊపిరితిత్తులకి చేటు. ఏదైనా కార్ల పెయింటింగ్ షెడ్డులో మంచి మాస్కు వేసుకునే మనిషి చేత కొట్టించు, కారుకి కొట్టే రోజున నీ బండి కూడా పక్కన పెడితే డబ్బులు పెద్దగా తీసుకోరు.

అక్షరాలకి రేడియం స్టిక్కర్ షాపుకి వెళ్ళు. ఇంటి ప్రింటర్ తెలుపు, బంగారు రంగు వేయలేదు, అందుకని డెకాల్ కాగితం (ప్రింటు తీసి నీళ్ళలో తడిపి అతికించేది) తో కుదరదు. వాళ్ళ చేత అక్షరాల ఆకారం వినైల్‌లో కోయించి, అక్షరం తీసేసిన ఖాళీ షీటుని బండికి అతికించి, అందులోంచి పసుపు పల్చగా కొట్టి, పూర్తిగా ఆరకముందే వినైల్ లాగెయ్. అక్షరం రెండు మూడు మి.మీ. కంటే చిన్నదైతే వాళ్ళ కట్టర్‌కి రాదు, అవి బ్రష్షుతోనే. అంచుల వెంబడి సన్న బంగారు గీత ఉంటే అది క్లియర్ కోటుకి ముందు.

ఇత్తడి గంట, కప్లింగులు రంగు వేయకు, నిజం ఇత్తడే పెట్టు. గంటని ఆటోనగర్‌లో చిన్న లేత్ ఉన్నవాడు తిప్పిస్తాడు. తళతళ రుద్దిన రోజే క్లియర్ లక్కరు పూత వెయ్యి, ఉప్పుగాలికి వారం తిరక్కుండానే నల్లబడుతుంది.

పాతపోస్టాఫీసు కుర్రోడు

నంబరు ప్లేటు ఏపీ 31 పెట్టేయొచ్చా? ఫోటోలో అక్కడ ఒకాయన కాళ్ళు అడ్డం ఉన్నాయి.

స్కేలుబద్ద

పెట్టొద్దు. రాష్ట్రం అక్షరాల పక్కన జిల్లా అంకె వచ్చే ఆ పద్ధతి 1989లో మొదలైంది, నీ బండి అంతకు చాలా ముందుది. అప్పట్లో నల్ల ప్లేటు మీద తెల్ల అక్షరాలు. నంబరు మావయ్యకి గుర్తుంటుంది, ముందు ఆయన్నే అడుగు.

డీవో రిటైర్డ్

ఆయనకి గుర్తులేకపోతే ఆయనతో పనిచేసిన ఏ డ్రైవర్‌నైనా అడుగు బాబూ, లాగ్ బుక్కులో రోజూ రాసిన నంబరు అది.